ట్యూబ్ ఆంప్‌లో కెపాసిటర్ మార్చేముందు: ఎక్కడ ఏది వేస్తే గిటార్ గొంతు మారుతుంది

కిందటి డిసెంబరులో ఒక తమ్ముడు 18 వాట్ల ట్యూబ్ ఆంప్ (గిటార్ సౌండుని గాజు వాల్వులతో పెంచే పెట్టె) ఆటోలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. నెల్లూరు వాడు, ఇక్కడ చెన్నైలో ఉద్యోగం, ఆదివారాలు తెలుగు చర్చిలో గిటార్ వాయిస్తాడు. చేతిలో ఒక పొట్లం. విప్పితే నారింజ రంగు కెపాసిటర్లు (డీసీని ఆపి సిగ్నల్‌ని దాటించే చిన్న భాగాలు), ఒక డజను. బయటి దేశం నుంచి తెప్పించుకున్నాడట.

"అన్నా, నాలుగైదు తీగలు కలిపి కార్డు కొడితే అంతా ముద్దగా వస్తోంది. లోపల ఉన్నవన్నీ పీకేసి ఇవి వేసెయ్యండి" అన్నాడు.

పీకలేదు. మొదటి వాల్వు దగ్గర ఒక్కటే మార్చాను, అది కూడా పొట్లంలోది కాదు. నా డబ్బాలో పడి ఉన్న 1 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్ కెపాసిటర్, పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసినది. ముద్ద విడిపోయింది, కార్డులో ఒక్కో తీగ వినబడింది. నారింజ బిళ్ళలు మళ్ళీ పొట్లంలోకి వెళ్ళాయి. అవి మంచి సరుకే, వాటితో నాకు పేచీ లేదు. అతనికి కావలసిన మార్పు మాత్రం వాటి చేతిలో లేదు.

ట్యూబ్ ఆంప్ కొన్న ప్రతివాళ్ళనీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన తొలుస్తుంది. కెపాసిటర్ లోపలి పదార్థం పాలిస్టరా, పాలీప్రొపిలీనా, నూనెలో ఊరిన కాగితమా, వెండి మైకానా? పేర్లు చదివేకొద్దీ అయోమయం పెరుగుతుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌కి వెళ్తే అక్కడి పాత షాపుల్లో కెపాసిటర్‌ని ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. "ఎన్ని మైక్రో, ఎన్ని ఓల్టు?" అని రెండే ప్రశ్నలు అడుగుతారు. బ్రాండు సంగతి ఎత్తరు. ఆ రెండు ప్రశ్నల్లోనే సగం విషయం ఉంది.

## ఎంచుకునేముందు ఏం చూడాలి

నేను చూసే వరస ఇది: చోటు, విలువ, ఓల్టేజి, రకం, చివర్న బ్రాండు. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. బ్రాండుతో మొదలై రకం దగ్గరే ఆగిపోతారు. డబ్బు ఖర్చవుతుంది, సౌండు అలాగే ఉంటుంది.

చోటు అంటే సర్క్యూట్‌లో ఆ కెపాసిటర్ చేసే పని. కొన్నిటి గుండా గిటార్ సిగ్నల్ నేరుగా నడుస్తుంది. కొన్ని పక్కన నిలబడి, ఏ స్వరాలు ఎంత పెరగాలో నిర్ణయిస్తాయి. ఇంకొన్ని కరెంటు సరఫరాలో ఉంటాయి. అవి సిగ్నల్‌ని ముట్టుకోవు అనిపిస్తుంది గానీ, వాయించే చేతికి తెలిసే బిగువు చాలావరకు అక్కడిదే.

విలువ లెక్క చిన్నదే. కెపాసిటర్ వెనక ఉన్న రెసిస్టర్‌నీ (ఓమ్‌లలో), కెపాసిటర్ విలువనీ (ఫ్యారడ్‌లలో), 6.28నీ కలిపి గుణించి, ఒకటిని ఆ వచ్చినదానితో భాగించండి. వచ్చిన హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి బాస్ జారిపోవడం మొదలవుతుంది. గిటార్‌లో అన్నిటికంటే లావైన E తీగని నొక్కకుండా కొడితే 82 హెర్ట్జ్. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలా వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఓల్టేజి విషయంలో ఒక మెలిక ఉంది. 12ఏఎక్స్7 (గిటార్ ఆంప్‌ల్లో మొదట ఉండే చిన్న వాల్వు) ప్లేటు దగ్గర, అంటే సిగ్నల్ బయటికొచ్చే కాలు దగ్గర, మీటరు పెడితే 150 నుంచి 250 ఓల్టుల మధ్య చూపిస్తుంది కాబట్టి 250 ఓల్టుల కెపాసిటర్ చాలనుకుంటారు. ఆంప్ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో వాల్వులు వేడెక్కవు, కరెంటు లాగవు. అప్పుడు సరఫరాలోని 400 ఓల్టులూ నేరుగా కెపాసిటర్ మీదే పడతాయి. అందుకని కప్లింగ్ చోట, అంటే ఒక వాల్వు నుంచి తర్వాతి దానికి సిగ్నల్ దాటే చోట, 400 తప్పనిసరి. 630 వేస్తే మీకూ నిద్ర పడుతుంది, దానికీ నిద్ర పడుతుంది.

ఒక్కో చోటు ఎంత ప్రభావం చూపిస్తుందో, నా అనుభవంలో:

| చోటు | మామూలుగా కనబడే విలువ | విలువ మారిస్తే | రకం మారిస్తే |
|---|---|---|---|
| కాథోడ్ బైపాస్ | 0.68 నుంచి 25 మైక్రోఫ్యారడ్ | చాలా తెలుస్తుంది | దాదాపు ఏమీ లేదు |
| కప్లింగ్ | 0.0022 నుంచి 0.1 మైక్రోఫ్యారడ్ | తెలుస్తుంది, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచితే మరీ | ఆవగింజంత |
| టోన్ స్టాక్ (బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్) | 250–500 పికోఫ్యారడ్, 0.02–0.1 మైక్రోఫ్యారడ్ | చాలా తెలుస్తుంది | కొద్దిగా |
| వాల్యూమ్ మీది బ్రైట్ కెపాసిటర్ | 100–5000 పికోఫ్యారడ్ | తక్కువ వాల్యూమ్‌లో చెవి చిల్లు పడేంత | లేదు |
| పవర్ సప్లై ఫిల్టర్ | 8 నుంచి 50 మైక్రోఫ్యారడ్ | హమ్ (వెనక వినబడే కరెంటు మోత), బిగువు | కొత్తదా పాతదా అన్నదే ముఖ్యం |

## కాథోడ్ బైపాస్: రూపాయికి ఎక్కువ ఫలితం ఇక్కడే

తమ్ముడి ఆంప్‌లో నేను ముట్టుకున్నది ఇదే. మొదటి వాల్వు కాథోడ్ (ఎలక్ట్రాన్లు బయలుదేరే కాలు) కింద 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని పక్కన 25 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ ఉంటాయి. అమెరికా కంపెనీ ఫెండర్ తరహా ఆంప్‌లు చాలావాటిలో ఈ జోడీ కనబడుతుంది. కెపాసిటర్ తీసేస్తే ఆ స్టేజి (వాల్వు దశ) గెయిన్ సుమారు 61 నుంచి 32కి పడిపోతుంది, అంటే దగ్గర దగ్గర 6 డెసిబెల్స్. ఉంచితే అన్ని స్వరాలకూ పూర్తి గెయిన్ వస్తుంది. 25 మైక్రోఫ్యారడ్ అంటే 8 హెర్ట్జ్ దాకా పూర్తి గెయినే. గిటార్‌కి అంత లోతు ఎందుకు? ఆ అడుగున ఉండేవి చేతి దెబ్బ, తీగ మీద అరచెయ్యి పడే ధబ్బు, పికప్ మోత.

1 మైక్రోఫ్యారడ్ వేస్తే గెయిన్ దాదాపు 106 హెర్ట్జ్ నుంచి పెరగడం మొదలై 205 హెర్ట్జ్‌కి పూర్తవుతుంది. అడుగు స్వరాలు ఉంటాయి గానీ ముందుకు తోసుకురావు. బ్రిటన్ ఆంప్ కంపెనీ మార్షల్ వాళ్ళు 1960ల చివర్లో బ్రైట్ చానల్‌కి (పై స్వరాలు ఎక్కువగా వినిపించే ఇన్‌పుట్) 2.7 కిలో ఓమ్, 0.68 మైక్రోఫ్యారడ్ వేసింది ఇందుకే. అక్కడ గెయిన్ 87 దగ్గర మొదలై 230 దాటాక నిండుతుంది. ఆ మిడ్స్ (మధ్య స్వరాలు) గర్జన వెనక ఉన్నది ఈ చవక జోడీ.

శుభ్రమైన టోన్‌తో ఒంటరిగా వాయించేవాళ్ళు 25 ఉంచుకోండి, నిండుగా ఉంటుంది. బ్యాండులో బాస్ గిటార్ పక్కన వాయిస్తే 4.7కి దిగండి. డిస్టార్షన్ వాడేవాళ్ళకి 0.68 లేదా 1. ఈ చోట ఓల్టేజి రెండు మూడు ఓల్టులే కాబట్టి 25 ఓల్టుల రేటింగ్ ఉన్న మామూలు ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే రకం) చాలు. 1 మైక్రో, అంతకంటే తక్కువ అయితే ఫిల్మ్ దొరుకుతుంది, అదే వేయండి. దానికి వయసు రాదు.

## కప్లింగ్: అందరూ డబ్బు పోసే చోటు

ఒక స్టేజి ప్లేటు నుంచి తర్వాతి స్టేజి గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికి వెళ్ళే కాలు) సిగ్నల్‌ని దాటించి, వందల ఓల్టుల డీసీని ఆపే కెపాసిటర్ ఇది. వెనక 1 మెగా ఓమ్ ఉంటే 0.022 మైక్రోఫ్యారడ్ 7 హెర్ట్జ్ దాకా దాటనిస్తుంది. 0.1 వేస్తే 1.6 దాకా. రెండూ గిటార్‌కి ఎక్కడో పాతాళంలో ఉన్నాయి, కాబట్టి 0.022 తీసి 0.1 వేస్తే బాస్ ఉప్పెనలా వస్తుందనుకోవడం భ్రమ. కిందికి దిగితే మాత్రం తేడా ఉంది: 0.0047 అయితే 34 హెర్ట్జ్, 0.0022 అయితే 72, 0.001 అయితే 159. ఈ చివరి రెండూ చెవికి స్పష్టంగా తెలుస్తాయి. మార్షల్ వాళ్ళ సూపర్ లీడ్ మోడల్ బ్రైట్ చానల్‌లో 0.0022 ఉంటుంది.

మరి 0.1 వేస్తే తేడా వచ్చిందని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళంతా అబద్ధాలకోరులా? కాదు. వాళ్ళు చెప్పే మార్పు ఉంది, కారణం వేరు. గట్టిగా కొట్టినప్పుడు తర్వాతి వాల్వు గ్రిడ్ పాజిటివ్‌లోకి వెళ్ళి కరెంటు లాగుతుంది. ఆ కరెంటు కప్లింగ్ కెపాసిటర్‌ని నింపేస్తుంది. నోటు తగ్గాక ఆ నిండినదంతా గ్రిడ్ రెసిస్టర్ గుండా మెల్లగా కారిపోవాలి. కారేదాకా వాల్వు తలుపు సగం మూసే ఉంటుంది, తర్వాతి నోటు నలిగి వస్తుంది. పవర్ వాల్వుల ముందు 220 కిలో ఓమ్‌తో 0.1 మైక్రో ఉంటే ఈ కారడానికి పట్టే కాలం 22 మిల్లీసెకన్లు. 0.022 అయితే 5 మిల్లీసెకన్లలోపే. అదే 0.1 మైక్రోని 1 మెగా ఓమ్‌తో కలిపితే 100 మిల్లీసెకన్లు, అంటే వేగంగా వాయించేవాళ్ళకి ఒక నోటు పూర్తిగా మింగుడుపడినట్టే. ఓవర్‌డ్రైవ్‌లో "పర్రు పర్రు"మని చిరిగే శబ్దం వస్తుంటే ముందు ఇక్కడ అనుమానించండి. పెద్ద విలువ అంటే పెద్ద సౌండు అనే లెక్క ఈ చోట ఎదురుతిరుగుతుంది.

## ఇక రకాల సంగతి

ఇప్పుడు అసలు గొడవలోకి. విలువ ఒకటే, మీటరు పెట్టి చూసి జత కలిపినవి. రకం మాత్రమే వేరు. తేడా ఎంత?

పాలిస్టర్. ఎక్కడ చూసినా ఇదే. 1960ల మార్షల్ ఆంప్‌ల్లో ఆవపిండి రంగు ముల్లార్డ్ కెపాసిటర్లు ఉండేవి. ఇప్పుడు వాటి కోసం జనం కొట్టుకుంటారు, లోపల ఉన్నది పాలిస్టర్ పొర, లోహపు రేకు. మాల్లరీ 150, స్ప్రేగ్ 225పీ కూడా పాలిస్టరే. అంటే మనం ఆరాధించే పాత సౌండ్లలో చాలావరకు ఈ చవక ప్లాస్టిక్ గుండానే నడిచాయి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర దీని నష్టం (వేడిగా పోయే సిగ్నల్) అర శాతం ప్రాంతంలో ఉంటుంది. సైజు చిన్నది, వేడికి ఓర్చుకుంటుంది. చెన్నైలో మే నెలలో మూసిన క్యాబినెట్‌లో ఉండే ఆంప్‌కి ఇది చిన్న విషయం కాదు.

పాలీప్రొపిలీన్. నష్టం పాలిస్టర్‌లో పదోవంతు కూడా ఉండదు. కొలతల్లో దీనికి తిరుగులేదు. నారింజ బిళ్ళల్లో 715పీ, 716పీ ఈ జాతివే. అదే విలువకి లావుగా ఉంటుంది, పీసీబీ (అచ్చు సర్క్యూట్ బోర్డు) మీద పట్టకపోవచ్చు. టంకం వేసేటప్పుడు ఎక్కువసేపు కాల్చకూడదు. దీని గురించి "స్ఫటికంలాంటి హైస్" (పై స్వరాలు) అని రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. తల పైకెత్తి మీ సీలింగ్ ఫ్యాన్ చూడండి. దాని గిన్నెలో ఉన్న 2.5 మైక్రోఫ్యారడ్ కండెన్సర్ కూడా పాలీప్రొపిలీనే. పదార్థం గొప్పదే, మాయ మాత్రం కాదు.

గిటార్ స్పీకర్ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ పని చేసే పరిధి 75 నుంచి 5000 హెర్ట్జ్ దాకా. 12 కిలోహెర్ట్జ్ దగ్గర పాలీప్రొపిలీన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ కోన్ దాన్ని గదిలోకి రానివ్వదు. హైఫై వాళ్ళ వాదనలు మన ఆంప్‌కి అతకనిది ఇక్కడే.

నూనెలో కాగితం. పాత రష్యన్ కే40వై-9లు, వాటి కొత్త ఖరీదైన వారసులు. మెత్తగా ఉంటుందంటారు. నేను రెండు ఆంప్‌ల్లో విన్నాను, బాగున్నాయి. పాలిస్టర్ కంటే బాగున్నాయని మాత్రం చెప్పలేను. వీటి అసలు సమస్య లీకేజి. మైనం కాగితంతో చేసిన మరీ పాతవైతే ఈ సముద్రపు గాలిలో తేమ పీల్చుకుని కూర్చుంటాయి. 1 మెగా ఓమ్ గ్రిడ్ రెసిస్టర్ మీద ఒక్క మైక్రోఆంపియర్ లీకైనా 1 ఓల్టు తేలుతుంది. 12ఏఎక్స్7 బయాస్ (వాల్వుని అదుపులో ఉంచే గ్రిడ్ ఓల్టేజి) మొత్తం ఒకటిన్నర ఓల్టే కదా, వాల్వు కుంటుపడుతుంది. పవర్ వాల్వు ముందు లీకైతే ప్లేట్లు ఎర్రగా కాలి వాల్వు పోతుంది, అదృష్టం బాగాలేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది.

"పాత కెపాసిటర్‌లో ఏదో మెత్తదనం ఉంది" అని అనేవాళ్ళు ఒక్కోసారి వింటున్నది ఈ లీకేజినే. జబ్బుని గుణం అనుకోవడమే ఇది.

సిరామిక్, సిల్వర్ మైకా. వందల పికోఫ్యారడ్‌ల చిన్న విలువలకి ముఖ్యంగా ఈ రెండే పోటీదారులు. సిరామిక్‌లో రెండు జాతులున్నాయి. సీ0జీ అని గుర్తున్నది నిలకడైనది, మైకాకి ఏమాత్రం తీసిపోదు. చౌక జాతులు ఓల్టేజి పడితే విలువ తగ్గించుకుంటాయి, కొన్ని తడితే మైకులా మోగుతాయి. బోర్డు మీద చాప్‌స్టిక్‌తో తట్టి చూడండి, స్పీకర్లో టక్ టక్ వినిపిస్తే అదే. అయినా ఫెండర్ బ్లాక్‌ఫేస్ (నల్ల ప్యానెల్ ఉన్న 1960ల మోడళ్ళు) ఆంప్‌ల ట్రెబుల్ చోట ఉన్నది మామూలు సిరామిక్ బిళ్ళే, ఆ మెరుపు ఎవరికి నచ్చలేదు? మైకా వేస్తే హైస్ కాస్త నునుపుగా అనిపించవచ్చు. నేను కొత్తగా కట్టే వాటిలో మైకా వేస్తాను. పాతదాంట్లో సిరామిక్ ఉంటే దాన్ని కదపను.

| రకం | ఎందుకు నచ్చుతుంది | ఎక్కడ ఇబ్బంది | ఎవరికి |
|---|---|---|---|
| పాలిస్టర్ | చవక, చిన్నది, పాత సౌండ్లకి అసలు వారసుడు | ఏమీ లేదనే చెప్పాలి | అందరికీ |
| పాలీప్రొపిలీన్ | తక్కువ నష్టం | లావు, టంకం వేడికి సున్నితం | శుభ్రమైన టోన్ వాళ్ళకి, చోటు ఉంటే |
| నూనెలో కాగితం | పాత అందం | ధర, లీకేజి భయం | మీటరు వాడడం వచ్చినవాళ్ళకి |
| సిల్వర్ మైకా | నిలకడ | ధర | ట్రెబుల్, బ్రైట్ చోట్లకి |
| సిరామిక్ | చవక | తప్పు జాతి పడితే మైకులా మోగుతుంది | సీ0జీ అయితే నిశ్చింతగా |

## టోన్ స్టాక్, బ్రైట్

ఫెండర్ బ్లాక్‌ఫేస్ గొంతుకీ మార్షల్ గొంతుకీ మధ్య ఉన్న తేడాలో పెద్ద వాటా టోన్ స్టాక్‌లోని మూడు కెపాసిటర్లదీ, ఒక రెసిస్టర్‌దీ. బ్లాక్‌ఫేస్‌లో 250 పికో, 0.1 మైక్రో, 0.047 మైక్రో, ఆ రెసిస్టర్ (స్లోప్ రెసిస్టర్ అంటారు) 100 కిలో ఓమ్. మార్షల్‌లో 500 పికో, రెండు 0.022లు, 33 కిలో ఓమ్. మొదటిది మిడ్స్‌ని లోతుగా గుంట తీస్తుంది, రెండోది గుంటని పైకి జరిపి తేలిక చేస్తుంది. తమాషా ఏమిటంటే మార్షల్ మొదటి ఆంప్ జేటీఎం45 ఫెండర్ బేస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌ని చూసి కట్టినదే. ఆ బేస్‌మన్‌లో 250 పికో, 56 కిలో ఓమ్. ఒక్క ట్రెబుల్ కెపాసిటర్ 250 నుంచి 500కి మార్చి చూడండి, అప్పర్ మిడ్స్ నిండుతాయి. ఒక పూట పని.

బ్రైట్ కెపాసిటర్ గురించి అపార్ట్‌మెంటు వాసులకి ఒక మాట. పాత సూపర్ లీడ్‌లలో వాల్యూమ్ మీద 5000 పికో ఉంటుంది. అది వాల్యూమ్ నిండుగా తిప్పి వాయించే కాలపు విలువ. మైలాపూర్‌లో రెండు గోడల అవతల పాటీ (తమిళ బామ్మ) నిద్రపోతుంటే మీరు వాల్యూమ్ 2 మీద వాయిస్తారు, అప్పుడు ఆ కెపాసిటర్ హైస్‌ని ఒక్కటే దాటించి సూదుల్లా గుచ్చుతుంది. 100 లేదా 120 పికోకి దించండి. లేదా ఒక కాలు కత్తిరించేయండి. ఈ పని నేను ఎంతమందికి చేశానో లెక్కలేదు, ఒక్కరూ తిరిగి అతికించమని రాలేదు.

## ఫిల్టర్ కెపాసిటర్లు: బ్రాండు మీద డబ్బు పెట్టాలంటే ఇక్కడ

సిగ్నల్ చోట పాలిస్టర్ చాలన్నాను కదా. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. ఎలక్ట్రోలిటిక్ లోపల ద్రవం ఉంటుంది, అది ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే లెక్క. 85 డిగ్రీల రేటింగ్‌తో 2000 గంటలు అని రాసి ఉన్నది, ఆంప్ లోపల 65 డిగ్రీల దగ్గర 8000 గంటలు వస్తుంది. అవే 2000 గంటలు 105 డిగ్రీల రేటింగ్‌తో ఉంటే 32000. చెన్నై ఎండల్లో నేను 105 రేటింగ్ లేనిది కొనను. పవర్ వాల్వుకి ఆనుకుని పెట్టను కూడా.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సప్లైలో అలలు 100 హెర్ట్జ్. అమెరికాలో 60, అక్కడ 120. అదే ఆంప్, అదే కెపాసిటర్ ఇక్కడ ఉంటే అలలు 20 శాతం ఎక్కువ. కొత్తగా ఉన్నప్పుడు తెలియదు. కెపాసిటర్లు ముసలివయ్యాక మీరు కొట్టిన నోటుతో పాటు వెనక ఇంకో అపస్వరం మూలుగుతుంది, మీరు వాయించనిది. దాన్ని ఘోస్ట్ నోట్ అంటారు. సప్లైలోని 100 హెర్ట్జ్ మీ నోటుతో కలిసి పుట్టించే బిడ్డ అది. ఇలాంటప్పుడు కప్లింగ్ కెపాసిటర్లు మార్చడం తలనొప్పికి మోకాలికి మందు రాసుకోవడమే.

పెద్దది వేయాలా, ఉన్న విలువే వేయాలా? ఇక్కడ నిజమైన బేరం ఉంది. మొదటి కెపాసిటర్ పెంచితే హమ్ తగ్గుతుంది, బాస్ బిగుసుకుంటుంది, నోటు మొదట్లో దెబ్బ గట్టిగా ఉంటుంది. తగ్గిస్తే గట్టిగా కొట్టినప్పుడు సరఫరా కొద్దిగా కుంగి మళ్ళీ లేస్తుంది, బ్లూస్ వాయించేవాళ్ళకి ప్రాణం ఆ కుంగుడు. హెవీ రిఫ్‌లు వాయించేవాళ్ళకి అదే చిరాకు. వాల్వు రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే వాల్వు) ఉంటే మీ ఇష్టం వచ్చినంత పెంచడానికి లేదు. జీజెడ్34కి మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫ్యారడ్ దాటకూడదు, 5వై3కి ఇంకా తక్కువ. దాటితే ఆన్ చేసినప్పుడల్లా రెక్టిఫయర్ ప్రాణం మీదికొస్తుంది.

ఓల్టేజి రేటింగ్‌కి కూడా మన ఊరి లెక్క వేరు. 230 ఓల్టులు, అటూ ఇటూ 10 శాతం అని ప్రమాణం. ట్రాన్స్‌ఫార్మర్ 220 ట్యాప్ మీద నడిచే ఆంప్‌ని 240 వచ్చే ఇంట్లో పెడితే 450 ఓల్టుల సప్లై 490 అవుతుంది. 450 రేటింగ్ కెపాసిటర్ ఉబ్బడానికి అదే ముహూర్తం. 500 ఓల్టులవి, అంటే జర్మనీ ఎఫ్ అండ్ టీ, స్లొవేకియా జేజే లాంటివి తెప్పించుకోండి. లేదా 350 ఓల్టుల 100 మైక్రోలు రెండు సిరీస్‌లో పెట్టి ఒక్కోదాని మీద 220 కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తే 700 ఓల్టుల 50 మైక్రో తయారవుతుంది. ఈ పద్ధతికి జపాన్ కంపెనీల 105 డిగ్రీల సరుకు ఇక్కడే దొరుకుతుంది.

## ఎవరికి ఏది

మొదటిసారి కిట్ కడుతున్నవాళ్ళు: సిగ్నల్ చోట్లన్నీ 630 ఓల్టుల పాలిస్టర్, చిన్న విలువలకి మైకా లేదా సీ0జీ, ఫిల్టర్లు మంచి కంపెనీవి. ముందు కట్టి, నెల రోజులు వాయించండి. ఏం కావాలో చెవి చెప్పాక మార్చుకోవచ్చు.

1960, 70ల నాటి ఆంప్ చేతికి వచ్చినవాళ్ళు: ఎలక్ట్రోలిటిక్‌లు మొత్తం మార్చండి, అది తప్పదు. కరెంటు లైన్ నుంచి ఛాసిస్‌కి (ఆంప్ లోహపు పెట్టెకి) ఒక కెపాసిటర్ ఉంటే, దాన్ని విదేశాల్లో మృత్యు కెపాసిటర్ అనే పిలుస్తారు, వెంటనే తీసేసి మూడు పిన్నుల ఎర్త్ ప్లగ్ పెట్టించండి. సిగ్నల్ కెపాసిటర్లు లీక్ లేకపోతే అలాగే ఉండనివ్వండి. తీసినవి పారేయకుండా కవర్లో వేసి ఆంప్ వెనక అతికించండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు.

ఆంప్ బాగానే ఉంది, గొంతు మారాలి అనేవాళ్ళు: కాథోడ్, ట్రెబుల్, బ్రైట్. ఈ మూడు చోట్ల ఆడుకోండి. ఆ తర్వాత కూడా తృప్తి లేకపోతే స్పీకర్ మార్చండి, కెపాసిటర్లు కాదు.

## కొనేటప్పుడు, విప్పేటప్పుడు

ఫిల్మ్ కెపాసిటర్ మీద 223కె 630 అని ఉంటే 0.022 మైక్రో, పది శాతం అటూ ఇటూ, 630 ఓల్టులు. 473 అంటే 0.047, 104 అంటే 0.1. జె అంటే 5 శాతం, ఎం అంటే 20. పాత ఆంప్‌ల్లో 20 శాతం సరుకు చాలానే ఉండేది. 0.022 అని రాసి ఉన్నది 0.0176 కావచ్చు, 0.0264 కావచ్చు. రెండు ఒకేరకం ఆంప్‌లు వేర్వేరుగా మోగడానికి ఇదీ ఒక కారణం.

రిచీ స్ట్రీట్‌కి వెళ్ళేటప్పుడు కెపాసిటర్ విలువ కొలిచే ఒక చిన్న ఎల్‌సీఆర్ మీటరు జేబులో వేసుకోండి. ఒకసారి ఒక షాపులో 22 మైక్రో, 450 ఓల్టులు అని తెచ్చుకున్నవి ఇంటికొచ్చి కొలిస్తే 9 దగ్గర ఆగాయి. పైన తొడిగిన ప్లాస్టిక్ కొత్తది, లోపలి మనిషి ముసలివాడు. ఇప్పుడు ఎలక్ట్రోలిటిక్‌లు అధీకృత ఆన్‌లైన్ డీలర్ల దగ్గరే కొంటాను. ఫిల్మ్ కెపాసిటర్లు మాత్రం వీధిలోనే, కొలిచి.

విప్పేముందు: ప్లగ్ పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 ఓల్టులు నిలిచి ఉంటాయి, ప్రాణం తీసేంత. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి మంచి ఇన్సులేషన్ ఉన్న క్లిప్ వైర్లు కట్టి మెల్లగా ఖాళీ చేయండి, మీటరుతో సున్నా చూడండి, రెండు నిమిషాలాగి మళ్ళీ చూడండి. ఖాళీ అయిన కెపాసిటర్ కొంచెం తిరిగి పుంజుకుంటుంది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని పని చేయమని పాత రేడియో మెకానిక్‌లు చెప్పేది ఊరికే కాదు. మార్చాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు (కరెంటు లైన్‌లో ఆంప్‌తో వరసగా కలిపే బల్బు) పెట్టుకోండి. మొదట ఒకసారి వెలిగి మసకబారితే పరవాలేదు, ఆరకుండా ఎర్రగా మండుతుంటే తప్పు జరిగిందని అర్థం.

లీకేజి చూడాలంటే కప్లింగ్ కెపాసిటర్ గ్రిడ్ వైపు కాలు విప్పి, ఆంప్ ఆన్ చేసి, ఆ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య డీసీ ఓల్టేజి కొలవండి. మొదట కాస్త ఎగిరి సున్నా దగ్గరికి దిగాలి. వందల ఓల్టులతో పని కాబట్టి, అలవాటు లేనివాళ్ళు తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి.

ఫిల్మ్ కెపాసిటర్ బయటి రేకు ఎటువైపు ఉందన్నది కూడా చూస్తే మంచిది. దాన్ని ప్లేటు వైపు కలిపితే హమ్ తక్కువ పడుతుంది. ఒంటి మీద గీత ఉంటే అదే బయటి రేకని నమ్మకండి, అన్ని కంపెనీలూ ఆ నియమం పాటించవు.

ఇక పోల్చి వినడం. కెపాసిటర్ మార్చడానికి పావుగంట పడుతుంది, పావుగంట పాటు సౌండుని గుర్తుపెట్టుకునే చెవి మనిషికి లేదు. లూపర్ పెడల్‌లో (వాయించినదాన్ని దాచి మళ్ళీ మళ్ళీ వినిపించే పెట్టె) ఒక రిఫ్ నిలిపి, అదే ఆంప్‌లోకి పంపి, మైకు కదపకుండా రెండుసార్లూ రికార్డు చేయండి. తర్వాత పేర్లు దాచి వినండి. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక తమ్ముడితో ఇదే ఆడాను. మీటరులో సరిగ్గా జత కుదిరిన పాలిస్టర్, నారింజ పాలీప్రొపిలీన్. పదిసార్లు వినిపిస్తే ఆరుసార్లు సరిగ్గా చెప్పాడు. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి. కాథోడ్ దగ్గర 25కీ 1కీ మధ్య తేడా అడిగితే పదికి పది, అదీ రెండో కార్డు పడకముందే.

నారింజ బిళ్ళలు ఇప్పుడు అతను కడుతున్న కొత్త కిట్‌లో ఉన్నాయి. వెనక మూత లేకుండా పెట్టుకుంటానంటున్నాడు, రంగు బాగుంటుందట. మూత పెట్టమన్నాను, లోపల 400 ఓల్టులున్నాయి.